బండికి చుట్టుదారి, మనిషికి దగ్గరదారి

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కాస్త పాత కాలనీల్లో ఇప్పుడు వీధి చివర ఇనుప గేట్లు కనిపిస్తున్నాయి. దొంగతనాల భయంతోనో, బయటి బండ్ల రద్దీతో విసిగిపోయో కాలనీ సంక్షేమ సంఘాలు పెట్టించుకున్నవే వీటిలో ఎక్కువ. ఆ గేట్లు పనిచేసే తీరు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కాలనీవాళ్ల కార్ల కోసం ఒక గేటు బార్లా తీసి ఉంటుంది. మిగతా వైపుల గేట్లకు తాళాలు. పక్క బస్తీ నుంచి ఇళ్లలో పనికి వచ్చే ఆవిడ, కూరగాయల తోపుడు బండి అతను, సైకిల్ మీద ట్యూషన్‌కు వెళ్లే పిల్లవాడు ఆ తాళం దగ్గర ఆగిపోయి, కాలనీ అంతా చుట్టి రావాలి. కారుకు అర కిలోమీటరు ఎక్కువైతే ఒక నిమిషం పడుతుంది. నడిచే మనిషికి అదే అర కిలోమీటరు ఆరేడు నిమిషాలు. నెత్తిన మే నెల ఎండ ఉంటే ఆ ఆరేడు నిమిషాలు చాలా పెద్దవి.

నివాస వీధులను ఎలా కట్టాలన్న చర్చలో ఫుట్‌పాత్ వెడల్పు, సైకిల్ దారి రంగు లాంటివి తర్వాత వస్తాయి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చుట్టూ తిరిగి రావాల్సింది ఎవరు? ఇంజన్ ఉన్నవాళ్లా, కాళ్లు మాత్రమే ఉన్నవాళ్లా? మన గేట్లు ఒక జవాబు ఇచ్చేశాయి. అది తప్పు జవాబు. సరిగ్గా దీనికి తలకిందులైన జవాబుతో సుమారు యాభై ఏళ్ల కిందట కొన్ని ఊళ్లు మొదలుపెట్టాయి. వాటి అనుభవం మన కాలనీలకు పనికొస్తుంది, కొన్ని మార్పులతో.

నెదర్లాండ్స్ ఉత్తర భాగంలో గ్రోనింగెన్ అనే యూనివర్సిటీ నగరం ఉంది. 1970లలో ఆ నగరం నడిబొడ్డు కూడా కార్లతో కిక్కిరిసే ఉండేది. అప్పటికి ముప్పై ఏళ్లు దాటీ దాటని మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే లేబర్ పార్టీ నాయకుడు నగర పాలక మండలిలో ట్రాఫిక్ వ్యవహారాలు చూసేవాడు. 1977 సెప్టెంబరులో అక్కడ అమల్లోకి వచ్చిన పథకాన్ని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. నగర కేంద్రాన్ని నాలుగు భాగాలు చేశారు. ఒక భాగంలోంచి పక్క భాగంలోకి కారు నేరుగా వెళ్లడానికి లేదు, బయటికి వచ్చి చుట్టూ ఉన్న రింగు రోడ్డు ఎక్కి మరో వైపు నుంచి లోపలికి రావాలి. నడిచేవాళ్లకు, సైకిళ్లకు మాత్రం ఆ హద్దులు లేవు.

ఇక్కడ గమనించాల్సింది, కార్లను నిషేధించలేదు. ఏ భాగంలోకైనా కారులో వెళ్లే వీలుండేది. కానీ నగరం మధ్యలోంచి అడ్డంగా దూసుకుపోయి అవతలికి తేలడం కుదిరేది కాదు. దాంతో ఆ వీధుల్లో పనిలేని బండ్లు మాయమయ్యాయి, పని ఉన్నవే మిగిలాయి. పది నిమిషాల సైకిల్ ప్రయాణం కారులో అంతకంటే ఎక్కువ పట్టడం మొదలయ్యాక జనం సైకిల్ తీశారు. పర్యావరణం మీద ఉపన్యాసం విని ఎవరూ తీయలేదు, అది దగ్గరదారి కాబట్టి తీశారు. దుకాణదారులు గట్టిగా వ్యతిరేకించారు, వ్యాపారం పోతుందన్నారు. ఇప్పుడు ఆ నగరం లోపలి ప్రయాణాల్లో సగానికి పైగా సైకిల్ మీదే సాగుతున్నాయి.

ఈ కథ వినగానే మనవాళ్లు అనే మొదటి మాట, 'వాళ్లది సైకిళ్ల దేశం, మనకు కుదరదు' అని. నెదర్లాండ్స్ అన్ని కాలాల్లోనూ అలాగే లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశం కూడా అందరిలాగే కార్ల కోసం కాలువలు పూడ్చింది, ఇళ్లు కూల్చింది, కూడళ్లను పార్కింగ్ స్థలాలు చేసింది. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడి కూతురు స్కూలుకు వెళ్తూ కారు కింద పడి చనిపోయింది. ఆయన 1972లో పత్రికలో రాసిన వ్యాసం శీర్షిక 'పిల్లల హత్య ఆపండి'. అదే పేరుతో తల్లిదండ్రులు ఉద్యమం కట్టారు, వీధులకు అడ్డంగా కూర్చున్నారు. ప్రమాదం అనే మాట వాడకుండా హత్య అన్నారు. ఆ మాటలో ఉన్న కోపం న్యాయమైనది. మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు తిరగకూడదని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, పిల్లలు హైవేల మీద స్కేటింగ్ చేశారు. బండ్లు లేని ఊరు ఎలా ఉంటుందో ఒక తరం కళ్లారా చూసింది.

మన లెక్క కూడా చూడాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడుస్తూ వెళ్తున్నవాళ్లు. అంటే రోజుకు దాదాపు తొంభై మంది. వీళ్లు ఏ బండీ నడపలేదు, ఏ హెల్మెట్టూ మర్చిపోలేదు, ఎవరినీ ఓవర్‌టేక్ చేయలేదు. నడిచారు, అంతే.

వాకిలి లాంటి వీధి

గ్రోనింగెన్ కంటే ముందే నెదర్లాండ్స్‌లోనే డెల్ఫ్ట్ అనే చిన్న ఊళ్లో మరో ప్రయోగం జరిగింది. మునిసిపాలిటీలో పనిచేసే యోస్ట్ వాల్ అనే ఇంజనీరు ఇరుకు వీధుల్లో ఫుట్‌పాత్, రోడ్డు అనే తేడా తీసేశాడు. అంతా ఒకే ఎత్తులో, ఇటుక పరిచిన నేల. చెట్లు, బల్లలు, పూల తొట్లు కావాలనే అటూ ఇటూ పెట్టడంతో బండి వంకర తిరుగుతూ వెళ్లాల్సిందే, వేగం దానంతట అదే పడిపోతుంది. దీన్ని 'వోనెర్ఫ్' అన్నారు. 1976లో చట్టం దీనికి గుర్తింపు ఇచ్చింది: ఇలాంటి వీధిలో మనిషి వీధి మొత్తం వెడల్పునా నడవొచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, బండి మాత్రం మనిషి నడక వేగం దాటకూడదు, గుర్తు పెట్టిన చోట తప్ప పార్కింగ్ చేయకూడదు.

ఆ డచ్ మాటకు అర్థం, నివాస ప్రాంగణం లాంటి స్థలం. మనకు దానికి చక్కటి మాట ముందే ఉంది: వాకిలి. పొద్దున్నే ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసే చోటు. సంక్రాంతికి ఆ ముగ్గు వాకిలి దాటి వీధి సగం వరకు వస్తుంది. అరుగు మీద కూర్చున్నవాళ్లు వీధిలో వెళ్లేవాళ్లను పలకరించేవాళ్లు. అంటే వీధి ఇంటికి కొనసాగింపు అన్న ఆలోచన మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. సిసి రోడ్డును ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోసి, అది బండ్ల సొత్తు అనుకుని, ఆ ఆలోచనను మనమే మర్చిపోయాం.

బండ్లు పెరిగితే వీధిలో ఏం పోతుందో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1969లోనే కొలిచాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు తీసుకున్నాడు. ఒకదానిలో రోజుకు సుమారు రెండు వేల బండ్లు, రెండో దానిలో ఎనిమిది వేలు, మూడో దానిలో పదహారు వేలు. మొదటి వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. మూడో వీధిలో సగటున ఒక్కరు కూడా లేరు. రద్దీ వీధిలో జనం ముందు గదులు వదిలేసి వెనక గదుల్లోకి మారిపోయారు. ఆ పరిశోధకుడు 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయాడు.

వేగం గురించి ఒక చిన్న లెక్క వేస్తే చాలా వాదనలు తేలిపోతాయి. రోడ్డు మీదికి పిల్ల పరుగెత్తుకొచ్చింది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆ సెకనులో ఎనిమిది మీటర్లు, బ్రేకు పడ్డాక మరో ఐదు మీటర్లు, మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50లో ఉన్న కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో కారు ఇంకా బ్రేకే పడకుండా, 50 వేగంతోనే వస్తుంది. డ్రైవరు ఎంత మంచివాడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా ఈ లెక్క మారదు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ స్థాయి సమావేశం, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని కోరింది ఇందుకే. కాలనీ వీధిలో అది కూడా ఎక్కువే, 15 లేదా 20 చాలు. వీధి పొడవు మూడు వందల మీటర్లు ఉంటే 20లో వెళ్లినా నిమిషం లోపే బయటపడొచ్చు.

ముప్పై అడుగుల రోడ్డు లెక్క

మన లేఅవుట్లలో అందరికీ తెలిసిన కొలత 30 అడుగుల రోడ్డు. దాన్ని మీటర్లలో చెప్తే తొమ్మిదికి కాస్త ఎక్కువ. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌లో నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. రెండు వైపులా ఆరడుగులు తీస్తే 18 అడుగులు మిగులుతాయి. రెండు వైపులా కార్లు నిలిపితే మరో 12 అడుగులు పోయి ఆరడుగులు మిగులుతాయి, అందులో ఆటో కూడా కష్టంగా దూరుతుంది. అందుకే ఇలాంటి వీధుల్లో ఫుట్‌పాత్ వేయాలని పట్టుబట్టడం అనవసరం. వేసినా, ప్రతి ముప్పై నలభై అడుగులకు ఒక ఇంటి గేటు వస్తుంది, ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కాలి. ముసలివాళ్లు అలాంటి ఫుట్‌పాత్ వదిలేసి రోడ్డు మీదే నడుస్తారు, అది వాళ్ల తప్పు కాదు. ఈ వెడల్పు వీధికి డెల్ఫ్ట్ పద్ధతే సరిపోతుంది: మొత్తం ఒకే మట్టం, పార్కింగ్ ఒక వైపే, అదీ కొంత దూరం ఎడమన, తర్వాత కొంత దూరం కుడిన, మధ్యలో చెట్లు. దారి మెలికలు తిరుగుతుంది, బండి మెల్లగా వెళ్తుంది.

అరవై అడుగుల రోడ్డు సంగతి వేరు. అక్కడ బస్సులూ లారీలూ తిరుగుతాయి, కలిసి నడవమంటే కుదరదు. 18 మీటర్ల వెడల్పులో రెండు పక్కలా రెండేసి మీటర్ల ఫుట్‌పాత్, రెండేసి మీటర్ల సైకిల్ దారి, మధ్యలో ఏడు మీటర్ల బండ్ల దారి వేసినా ఇంకా మూడు మీటర్లు మిగులుతుంది. అందులో చెట్లు, బస్సు స్టాపు, తోపుడు బండ్ల చోటు సర్దొచ్చు. స్థలం లేదన్న మాట ఈ రోడ్ల విషయంలో నిజం కాదు. ఉన్న స్థలాన్ని ఎవరికి ఇస్తున్నామన్నదే ప్రశ్న.

మన వీధుల్లో నడక కష్టం కావడానికి ఎవరూ పట్టించుకోని ఒక కారణం ఉంది: రోడ్డు ఎత్తు. రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. నాలుగుసార్లు పోసేసరికి రోడ్డు అడుగు దాకా లేస్తుంది, ఇల్లు పల్లంలో పడుతుంది. వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయని తర్వాత ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది ఇంకా ఎత్తు లేపుతారు. అంత ఎత్తుకు కారు ఎక్కాలంటే గేటు ముందు నాలుగైదు అడుగుల ర్యాంపు వీధిలోకి చొచ్చుకొస్తుంది. పక్కింటివాళ్లు తమ ర్యాంపు తాము వేసుకుంటారు. ఇక నడిచేవాళ్లకు మిగిలేది రోడ్డు మధ్య భాగం. ర్యాంపులు ఆక్రమణే, కూల్చడం చట్టం ప్రకారం సబబే. కానీ కొత్త పొర పోసే ముందు పాత పొర తీసి మట్టం కాపాడమని కాంట్రాక్టులో ఒక్క షరతు పెట్టకుండా ర్యాంపులు కూలిస్తే, మూడేళ్లలో అవి మళ్లీ మొలుస్తాయి.

స్పీడ్ బ్రేకర్లదీ ఇలాంటి కథే. ఇంటి ముందు ప్రమాదం జరగగానే ఎవరో రాత్రికి రాత్రి సిమెంటు గట్టు పోస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, గట్టు మాత్రం పదునుగా, సన్నగా ఉండి సైకిల్ మీద పిల్లల్ని పడేస్తుంది, ఆటోలో గర్భిణుల నడుము విరగ్గొడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత వేరు: 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి, మళ్లీ మెల్లగా దిగాలి. 25 కిలోమీటర్ల వేగంలో కుదుపు లేకుండా దాటొచ్చు, అంతకు మించితే డ్రైవరుకే ఇబ్బంది. ఇంతకంటే మంచి ఉపాయం డచ్ ఊళ్లలో కాలనీ మొదట్లోనే ఉంటుంది. పెద్ద రోడ్డు ఫుట్‌పాత్, కాలనీ వీధి మొదలయ్యే చోట దిగిపోకుండా అదే ఎత్తులో వీధికి అడ్డంగా సాగిపోతుంది. బండే ఎక్కి దిగాలి. నడిచే మనిషి మట్టం మారదు, ఇది ఎవరి చోటో బండివాడికి చక్రాల కిందే తెలుస్తుంది. బోర్డు అవసరం కూడా పెద్దగా ఉండదు.

మోటార్ సైకిల్ అనే చిక్కు

ఇక్కడి దాకా చెప్పినది ఎక్కువగా కార్ల గురించి. మన ఊళ్లలో అసలు చిక్కు ద్విచక్ర వాహనం. డచ్ వీధుల్లో రెండు ఇనుప స్తంభాలు పాతితే కారు ఆగుతుంది, సైకిల్ వెళ్తుంది. ఇక్కడ ఆ స్తంభాల మధ్య నుంచి పల్సర్ కూడా వెళ్తుంది, యాక్టివా కూడా వెళ్తుంది. సందు ఇంకా ఇరుకు చేస్తే వీల్‌చైర్ పట్టదు, తోపుడు బండి పట్టదు. వీల్‌చైర్ పట్టే ఏ సందులోనైనా స్కూటర్ పడుతుంది, ఈ కొలతలతో పోరాడి గెలవలేం. కొన్నిచోట్ల జిగ్‌జాగ్ పైపులు పెట్టి చూశారు. వాటితో ఎక్కువ బాధపడేది చంకలో పిల్లాడు, చేతిలో సంచితో నడిచే తల్లే.

కాబట్టి ఇక్కడ ఆశ కాస్త తగ్గించుకోవాలి. స్తంభాలతో కార్లు, ఆటోలు, డెలివరీ వ్యాన్లు అడ్డంగా దూసుకుపోవడం ఆగుతుంది, వీధి నుంచి పోయే పెద్ద బరువు అదే. ద్విచక్ర వాహనాలను ఆపలేం, వేగం తగ్గించొచ్చు. స్తంభాల ముందూ వెనకా గరుకు రాయి పరచడం, దారిని నేరుగా కాకుండా చిన్న పార్కు పక్కగా రెండు మెలికలు తిప్పడం, ఎత్తు వేదిక మీద పెట్టడం లాంటివి చేస్తే బైకు అక్కడ పదికి దిగుతుంది. పదిలో వెళ్లే బైకు పక్కన పిల్ల నడవగలదు. ఇలా నాలుగైదు చోట్ల పడితే ఆ దారిలో అంత సమయం కలిసిరాదని తెలిసి చాలామంది పెద్ద రోడ్డుకే మళ్లుతారు.

గళ్ల నుడికట్టులా నిలువూ అడ్డంగా రోడ్లున్న కొత్త లేఅవుట్లకు బార్సిలోనా పద్ధతి బాగా సరిపోతుంది. ఆ నగరంలో ఇల్డెఫోన్స్ సెర్దా 1859లో గీసిన ప్రణాళిక ప్రకారం చదరపు బ్లాకులు వరసగా ఉంటాయి. సాల్వడార్ రుయేడా అనే ప్రణాళికావేత్త తొమ్మిది బ్లాకులను కలిపి, సుమారు 400 మీటర్ల చదరాన్ని ఒకే ముక్కగా చూడమన్నాడు. బయటి రోడ్ల మీద రద్దీ తిరుగుతుంది. లోపలి వీధులు వన్‌వే, అదీ ఎలాగంటే లోపలికి వచ్చిన బండి రెండు మలుపులు తిరిగి వచ్చిన వైపుకే బయటపడుతుంది, అవతలికి తేలదు. లోపల వేగం గంటకు 10 కిలోమీటర్లు. 2016లో పోబ్లెనౌ ప్రాంతంలో రంగులూ తొట్లూ పెట్టి మొదలుపెట్టినప్పుడు గొడవ బాగానే జరిగింది, తర్వాత బల్లలూ ఆట స్థలాలూ వచ్చాక సర్దుకుంది. మన దేశంలో చండీగఢ్ సెక్టార్ల వెనక ఉన్న ఆలోచన కూడా దీనికి దగ్గరిదే: వేగంగా పోయే రోడ్లు సెక్టారు బయట, ఇళ్ల మధ్య మెల్లగా తిరిగే దారులు, పచ్చటి బాటలు నడిచేవాళ్లకు.

ఎండ గురించి ఒక మాట. భీమవరం, కాకినాడ నెదర్లాండ్స్ అంత చదునైన నేల మీదే ఉన్నాయి, సైకిల్ తొక్కడానికి ఎత్తుపల్లాల అడ్డు లేదు. అక్కడ ఎముకలు కొరికే గాలి, వాన. ఇక్కడ ఎండ. మనకు కావలసింది చెట్టు నీడ, అది కూడా సరైన పక్కన. ఉత్తర దక్షిణాలుగా ఉన్న వీధిలో మధ్యాహ్నం తర్వాత ఎండ పడమటి నుంచి వచ్చి తూర్పు పక్కను కాల్చేస్తుంది. సాయంత్రం పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళ అదే. కానుగ, వేప వరస ఏ పక్క ఉండాలో, నడిచే దారి ఏ పక్క ఉండాలో చెట్టు నాటే ముందు ఆలోచిస్తే పదేళ్లలో వీధి రూపే మారుతుంది. కరెంటు తీగల కింద నాటి, ఏటా నరికి మొండెం మిగిల్చే పద్ధతిలో నీడ ఎప్పటికీ రాదు.

అభ్యంతరాలు

వీధిలో అడ్డుదారి మూసేస్తే ఆ బండ్లన్నీ పెద్ద రోడ్డు మీద పడి అక్కడ జామ్ అవుతుందని ట్రాఫిక్ విభాగాలు అంటాయి. కొంత నిజం. అయితే బ్రిటన్ పరిశోధకులు వేర్వేరు దేశాల్లో బండ్లకు దారి తగ్గించిన డెబ్భైకి పైగా సందర్భాలు పరిశీలించినప్పుడు, తగ్గిన బండ్లన్నీ పక్క రోడ్డు మీద తేలలేదని తెలిసింది. సగం సందర్భాల్లో ఆ ప్రాంతం మొత్తం మీద బండ్లు 11 శాతానికి పైగా తగ్గాయి. కొందరు వేళ మార్చుకుంటారు, కొందరు రెండు పనులు ఒకేసారి చూసుకుంటారు, దగ్గరి పనికి నడుస్తారు. మన దగ్గర దీనికి ఏటా కళ్ల ముందే రుజువు కనిపిస్తుంది. వినాయక చవితికి వీధికి అడ్డంగా పందిరి వేస్తాం. తొమ్మిది రోజులో పదకొండు రోజులో ఆ వీధిలో బండ్లు చుట్టూ తిరిగి పోతాయి, రెండో రోజుకే అందరికీ అలవాటవుతుంది, పిల్లలు రాత్రి పదింటి దాకా వీధిలోనే ఆడుకుంటారు.

అయినా పెద్ద రోడ్డు పక్క ఉండేవాళ్ల సంగతి తీసిపారేయకూడదు. అక్కడ దుకాణాల మీద గదుల్లో అద్దెకుండేది తక్కువ ఆదాయం వాళ్లే. లోపలి కాలనీ ప్రశాంతతకు వాళ్లు మూల్యం కట్టకూడదు. అందుకే కాలనీ వీధుల పని, పెద్ద రోడ్డు మీద బస్సులు, ఫుట్‌పాత్, రోడ్డు దాటే చోట్లు బాగుచేసే పని ఒకే ఎస్టిమేటులో ఉండాలి. ఒకటి చేసి రెండోది వాయిదా వేస్తే ఇది డబ్బున్న కాలనీల సౌకర్యంగా మిగిలిపోతుంది.

అంబులెన్స్, ఫైర్ ఇంజన్ ఎలా వస్తాయన్న ప్రశ్నకు జవాబు తేలిక. ప్రతి ఇంటికీ ఏదో ఒక వైపు నుంచి దారి తెరిచే ఉంటుంది, అవసరమైన చోట తాళంతో తీసే స్తంభం పెడతారు. ఇప్పుడు ఫైర్ ఇంజన్‌ను నిజంగా ఆపుతున్నది రెండు వైపులా నిలిపిన కార్లు.

డబ్బు కూడా పెద్ద అడ్డు కాదు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. నీడ ఉన్న సైకిల్ దారి మన దగ్గర కూడా కట్టొచ్చని అది చూపించింది, వ్యాయామానికి వెళ్లేవాళ్లకు ఎంతో బాగుంది. అయితే సైకిల్‌తో బతుకుతున్నవాళ్లలో ఎక్కువమంది ఆ దారిన వెళ్లరు. 2011 జనగణనలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లలో దేశం మొత్తం మీద 22 శాతం దాకా నడిచి, 13 శాతం దాకా సైకిల్ మీద వెళ్తున్నట్టు తేలింది. కారులో వెళ్లేవాళ్లు 3 శాతం కూడా లేరు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పాలబ్బాయి, మేస్త్రీ, సైకిల్ మీద హైస్కూలుకు వెళ్లే అమ్మాయి, వీళ్లకు కావలసింది ఇంటికీ పని చోటుకూ మధ్య ఉన్న రెండు మూడు కిలోమీటర్లలో భయం లేని దారి. దానికి సిమెంటు దిమ్మెలు, రంగు, పూల తొట్లు, కొన్ని చెట్లు చాలు. మూడు నెలలు ఇసుక డ్రమ్ములు పెట్టి చూసి, నచ్చకపోతే తీసేయొచ్చు. ఇంత చవకగా వెనక్కి తీసుకోగల ప్రయోగం ఊరి నిర్వహణలో ఇంకొకటి లేదు.

చట్టం కూడా ఇప్పుడు నడిచేవాళ్ల వైపే ఉంది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్నపిల్లలకు అనువైన పరిసరాల కోసం కేంద్ర పట్టణ శాఖ 2020లో మొదలుపెట్టిన కార్యక్రమంలో కాకినాడ, వరంగల్ కూడా ఎంపికయ్యాయి. ఆ ప్రయత్నం వెనక ఉన్న అంతర్జాతీయ ఆలోచన ఒకటి మనసుకు పట్టేది: నగరాన్ని 95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూడమంటుంది, అంటే మూడేళ్ల పాప ఎత్తు నుంచి. ఆ ఎత్తులో నిలిపిన కారు ఒక గోడ. దాని వెనక నుంచి వచ్చే పాపను డ్రైవరు చూడలేడు, పాప డ్రైవరును చూడలేదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది మిగిలింది. మన ఊరి శివార్లలో ఒక్కో వెంచర్ ఒక్కో రియల్టరుది, ఒక్కోదానికీ ఒక ప్రహరీ. పక్కపక్క వెంచర్ల రోడ్లు కలవవు. గోడ అవతల వంద మీటర్ల దూరంలో ఉన్న స్కూలుకు వెళ్లాలంటే మెయిన్ రోడ్డు ఎక్కి కిలోమీటరున్నర తిరగాలి. అందుకే స్కూటర్ మీద దింపే తండ్రి, స్కూల్ వ్యాన్, ఆటో. ఆ గోడల వెంట నడిచి చూస్తే ఎక్కడో ఒకచోట ఇటుకలు ఊడదీసిన కంత కనిపిస్తుంది. లేదా గోడకు ఆనించిన రెండు రాళ్లు, నాలా మీద వేసిన పాత కరెంటు స్తంభం, ముళ్లకంప మధ్య కాళ్లు చేసిన బాట. ఎవరి అనుమతీ అడగకుండా జనం తమకు కావలసిన దారిని అక్కడ గీసిపెట్టారు. టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఒక వారం తిరిగితే ఒక్కో వార్డులో ఇలాంటి చోట్లన్నీ మ్యాప్ మీదికి ఎక్కుతాయి. అక్కడ గోడను ఆరడుగులు తీసి, నాలా మీద శ్లాబు, పక్కకు రెయిలింగ్, ఒక వీధి దీపం, అటూ ఇటూ సన్నటి వాలు. కంత ఉన్నచోట ఇప్పటికే అమ్మాయిలు సైకిళ్లు ఎత్తి అవతలి వాళ్లకు అందిస్తున్నారు.